ఈరీ కాలువ: తూకానికి వచ్చినవీ, రానివీ

న్యూజెర్సీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి నయాగరా ప్రయాణం దాదాపు ఒక ఆచారం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఒకసారి, అత్తమామలు వస్తే ఇంకోసారి. పులిహోర కట్టుకుని, 81వ నంబరు హైవే మీద సిరక్యూస్ దాకా, అక్కణ్ణుంచి 90వ నంబరు మీద పడమటికి బఫెలో దాకా. ఈ రెండో సగంలో రోడ్డుకి కాస్త అటో ఇటో ఒక పాత కాలువ తోడుగా వస్తూనే ఉంటుంది. కారు కిటికీలోంచి అది కనబడదు. కనబడినా ఏదో మురుగుకాలవ అనుకుంటాం. కానీ న్యూయార్క్ అనే ఊరు అమెరికాకి ఆర్థిక రాజధాని అవడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఆ కాలువే.

ఈరీ కాలువ. 1817 జులై 4న రోమ్ అనే చిన్న ఊళ్ళో తవ్వకం మొదలైంది, 1825 అక్టోబర్ 26న పూర్తయింది. హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఆల్బనీ నుంచి ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో దాకా 363 మైళ్ళు. వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులు, దారిలో 83 లాకులు. ఖర్చు దాదాపు 70 లక్షల డాలర్లు. నయాగరాకని బయల్దేరిన ఒక సెలవుల్లో, జలపాతానికి ఒక్క పూటే ఇచ్చి, మిగతా నాలుగు రోజులూ ఈ కాలువ పక్కనున్న మ్యూజియాలకి ఇచ్చాను. వెంట అమ్మ, నాన్న ఉన్నారు. మాది కోనసీమ కాబట్టి కాలువ అంటే వాళ్ళకి విసుగు రాదనే ధైర్యం.

పడవల్ని తూచిన ఇల్లు

సిరక్యూస్ నడిబొడ్డున, ఈరీ బులవార్డ్ అనే రోడ్డు పక్కన, ఎర్ర ఇటుకల మేడ ఒకటుంది. 1850లో కట్టింది. ముందువైపు వరసగా స్తంభాలు. చూడ్డానికి కోర్టులా ఉంటుంది గానీ అది పడవల్ని తూచడానికి కట్టిన ఇల్లు. ఇలాంటివి కాలువ మీద ఇంకొన్ని ఉండేవి, ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. 1962 నుంచి ఇందులో ఈరీ కెనాల్ మ్యూజియం నడుస్తోంది.

తూకం పద్ధతి చాలా సింపుల్. సరుకు నింపిన పడవ స్తంభాల మధ్యకి వస్తుంది. ముందూ వెనకా తలుపులు మూస్తారు. లోపలి నీళ్ళు వదిలేస్తారు. నీళ్ళు దిగుతున్నకొద్దీ పడవ కిందికి దిగి ఒక చెక్క ఊయల మీద కూర్చుంటుంది. ఆ ఊయల ఇనుప కడ్డీలతో పైనున్న పెద్ద త్రాసుకి వేలాడుతుంటుంది. గుమస్తా బరువు రాసుకుంటాడు. ప్రతి పడవకీ ఖాళీ బరువు ముందే రిజిస్టర్లో ఉంటుంది కాబట్టి అది తీసేస్తే మిగిలేది సరుకు. ఏ సరుకు, ఎన్ని మైళ్ళు అన్నదాన్ని బట్టి సుంకం. మళ్ళీ నీళ్ళు నింపి పడవని పంపేస్తారు. మొత్తం పావుగంట పని.

నా ఉద్యోగం డేటాతో. ఆ త్రాసు దగ్గర నేను అవసరమైనదానికంటే ఎక్కువసేపే నిలబడ్డాను. కాలువ అంటే మన ఊహలో నీళ్ళు, చెట్లు, పడవలు. న్యూయార్క్ రాష్ట్రానికి మాత్రం అది ముందు ఒక లెక్కల పుస్తకం. కేంద్రం డబ్బివ్వలేదు. జెఫర్సన్ 1809లోనే ఇది పిచ్చితనమని తేల్చేశాడు. కాలువలకీ రోడ్లకీ కేంద్ర నిధులిచ్చే బిల్లుని 1817లో మాడిసన్ వీటో చేశాడు. దాంతో రాష్ట్రం బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. ఆ అప్పు సుంకాలతో తీరాలి. అందుకే ప్రతి పడవనీ గాల్లోకి వేలాడదీసి మరీ తూచారు. 1837కల్లా మొదటి అప్పు తీరిపోయింది. బఫెలో నుంచి న్యూయార్క్‌కి టన్ను సరుకు చేరవేయడానికి వంద డాలర్లయ్యే ఖర్చు పది డాలర్లకి పడిపోయింది. లోపలి రాష్ట్రాల గోధుమలు, కలప తూర్పుకి, తూర్పు నుంచి బట్టలు, పనిముట్లు, మనుషులు పడమటికి.

తర్వాత రైళ్ళొచ్చాయి. వాటి పోటీకి తట్టుకోలేక 1882లో సుంకాలు ఎత్తేశారు. సుంకమే లేనప్పుడు తూకమెందుకు? తూకం ఇల్లు ఆఫీసయింది. 1920ల్లో ఊరి మధ్యలోంచి పోయే కాలువని పూడ్చేసి పైన రోడ్డేశారు. అదే ఈరీ బులవార్డ్. ఇప్పుడక్కడ నిలబడితే పడవలొచ్చే దారిలో కార్లు పోతుంటాయి.

ఇంజనీర్లు లేని ప్రాజెక్టు

ఈ కాలువ కథలో నాకు బాగా నచ్చిన మనిషి జెస్సీ హాలీ. పిండి వ్యాపారి. సరుకు చేరవేసే ఖర్చులకే దివాళా తీసి, బాకీలు కట్టలేక కెనండైగ్వా ఊళ్ళో అప్పుల ఖైదీగా ఉన్నాడు. ఆ ఖైదులోనే 1807-08లో 'హెర్క్యులిస్' అనే మారుపేరుతో స్థానిక పత్రికకి 14 వ్యాసాలు రాశాడు. సరస్సు నుంచి హడ్సన్ దాకా కాలువ ఎలా తవ్వచ్చు, ఎంతవుతుంది, ఏం లాభం అని. చదివినవాళ్ళలో చాలామంది నవ్వుకున్నారు. నవ్వనివాళ్ళలో డివిట్ క్లింటన్ ఒకడు. అతనే తర్వాత గవర్నరై కాలువని పట్టాలెక్కించాడు. మారుపేరుతో వ్యాసాలు రాసుకునే మనలాంటివాళ్ళకి ఇంతకంటే మంచి ఆదర్శం దొరకదు, ఖైదు మినహా.

తవ్వకం మొదలయ్యేసరికి అమెరికాలో ఈ స్థాయి పని తెలిసిన ఇంజనీరు లేడు. బాధ్యత తీసుకున్న బెంజమిన్ రైట్, జేమ్స్ గెడ్డెస్ ఇద్దరూ జడ్జీలుగా పనిచేసినవాళ్ళు. పొలాల హద్దులు కొలిచిన అనుభవం వాళ్ళ చదువు. నీటి కాలువకి కావాల్సింది మట్టం. అడుగు తేడా వస్తే నీళ్ళు నిలిచిపోతాయి. అనుమానం తీర్చుకోడానికి ఇద్దరూ చెరో దారిన మట్టాలు తీసుకుంటూ పోయి ఒకచోట కలిశారు. ఇద్దరి లెక్కలకీ తేడా రెండంగుళాల లోపే. టెస్టింగ్ అంటే అదీ.

మూడో మనిషి కాన్వాస్ వైట్, కుర్రాడు. ఇంగ్లండ్ వెళ్ళి అక్కడి కాలువల గట్ల వెంట దాదాపు 2000 మైళ్ళు కాలినడకన తిరిగి, లాకుల బొమ్మలు గీసుకుని వచ్చాడు. అప్పటికి నీళ్ళలో గట్టిపడే సిమెంట్ అమెరికాలో దొరికేది కాదు. మామూలు సున్నంతో కట్టిన లాకు నీటిలో నిలవదు. చిటెనాంగో దగ్గర దొరికిన ఒక రకం సున్నపురాయిని కాల్చి పొడి చేస్తే నీళ్ళలోనే గట్టిపడుతుందని వైట్ కనుక్కున్నాడు. ఇప్పుడా ఊళ్ళో పడవల రేవు మ్యూజియం ఉంది. కాలువ పడవల్ని నిలిపి మరమ్మత్తు చేసే మూడు గళ్ళ పాత డ్రై డాక్‌ని తవ్వి తీసి మళ్ళీ కట్టారు. రాతి గోడల మీద చెయ్యి పెట్టి చూస్తే సందుల్లో దరజు ఇంకా గట్టిగా ఉంది. చదువుకుని పనిలోకి వచ్చిన తరం కాదది. పని చేస్తూ ఆ చదువుని తయారుచేసిన తరం. అమెరికాలో మొదటి ఇంజనీరింగ్ కాలేజీ ఈరీ కాలువే అని ఇక్కడివాళ్ళు చెప్పుకోవడంలో అతిశయం లేదు.

కానీ మ్యూజియాలు ఇష్టంగా చెప్పే ఈ కథలో పార పట్టినవాళ్ళు తక్కువగా కనిపిస్తారు. మొదట్లో చాలావరకు చుట్టుపక్కల రైతులు, తర్వాత్తర్వాత ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు. 1819 వేసవిలో మాంటెజూమా చిత్తడినేలల్లో దోమలకీ జ్వరాలకీ వెయ్యిమంది దాకా మంచాన పడ్డారు. చాలామంది చనిపోయారు. వాళ్ళ పేర్లు ఏ గోడ మీదా నాకు కనబడలేదు.

లాక్‌పోర్ట్‌లో నాన్న అడిగిన ప్రశ్న

కాలువకి పడమటి కొసలో లాక్‌పోర్ట్ ఉంది. నయాగరా నీళ్ళు ఏ కొండ అంచు మీంచి దూకుతాయో, అదే అంచు ఇక్కడ కాలువకి అడ్డొస్తుంది. దాదాపు 60 అడుగుల ఎత్తు. పడవ గోడెక్కాలి. నేథన్ రాబర్ట్స్ అనే ఇంకో స్వయంశిక్షిత ఇంజనీరు దీనికి మెట్ల మాదిరి ఐదు లాకులు డిజైన్ చేశాడు, ఎక్కే పడవలకి ఐదు, దిగే పడవలకి ఐదు. 1910ల్లో కాలువని పెద్దది చేసినప్పుడు ఒక వరస తీసేసి రెండు పెద్ద లాకులు కట్టారు. రెండో వరస పాతవి పక్కనే ఉన్నాయి. వాటిలో కొన్నిటికి చెక్క తలుపులు మళ్ళీ అమర్చి, నడిపి చూపిస్తున్నారు.

మేం చూస్తుండగా ఒక సరదా బోటు లాకులోకి వచ్చింది. తలుపులు మూసుకున్నాయి, నీళ్ళు దిగాయి. నాన్న గట్టు కంచె పట్టుకుని మొత్తం చూసి, "మన లాకులే కదరా ఇవి" అన్నారు. డెల్టాలో పుట్టినవాళ్ళకి లాకు అనేది ఇంగ్లీషు మాటన్న స్పృహ ఉండదు, కొబ్బరిచెట్టులాగా అదీ ఊళ్ళో ఉండేదే. కాసేపాగి అడిగారు: "ఈ నీళ్ళు ఏ పొలాలకి వెళ్తాయి?"

"పొలాల కోసం తవ్వింది కాదు నాన్నా. పడవల కోసమే."

"పడవల కోసమే ఇంత కాలవా?" ఆయనకి నమ్మకం కుదరలేదు. "మరి తూములు లేవా?"

ఆ ప్రశ్న దగ్గరే రెండు కాలువల తేడా నాకు అర్థమైంది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి, ఆర్థర్ కాటన్ తీయించిన కాలువలు పొలాలకీ పారాయి, పడవలకీ దారిచ్చాయి. కాటన్ జీవితాంతం ఇండియాకి రైళ్ళ కంటే పడవల కాలువలే మేలని వాదించాడు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది అన్నాన్నే. నందన కరువు చూసిన ప్రాంతం అది. అందుకే డెల్టాలో ఊరూరా కాటన్ విగ్రహం ఉంటుంది, గోదావరి ఒడ్డున పితృతర్పణాల్లో ఆయన పేరు కూడా చెబుతారంటారు. ఈరీ కాలువని పొలాలు తడపడానికి తవ్వలేదు. అది సరుకుని కదిలించింది, ఊళ్ళని పుట్టించింది. దానికి మొక్కినవాళ్ళెవరూ లేరు.

లాక్‌పోర్ట్‌లో విగ్రహాలు ఎవరివో చూడండి. పాత లాకుల మెట్ల మీద కంచు మనుషులు కొందరు కూర్చుని, నిలబడి ఉంటారు. 1897లో తీసిన ఒక ఫొటో ఆధారంగా చేసినవి. గవర్నర్లు కారు, ఇంజనీర్లు కారు, లాకు తలుపులు తీసి మూసే పనివాళ్ళు. డ్యూటీ మధ్యలో ఎవరో ఫొటో తీస్తామంటే కూర్చున్నట్టు ఉంటారు. మన భాషలో చెప్పాలంటే లస్కర్లు. కాలువ శాఖలో లస్కరుకి విగ్రహం! అమ్మ వాళ్ళ పక్కన మెట్టు మీద కూర్చుని ఫొటో తీయించుకుంది.

ఉప్పు

సిరక్యూస్‌కి ఆనుకుని ఒనొండాగ సరస్సు ఉంది. ఒడ్డున లివర్‌పూల్ అనే ఊరు. అక్కడ రెండు మ్యూజియాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటిని ఒకే రోజు చూడాలి, ఒకదాని వెంట ఒకటి.

మొదటిది సాల్ట్ మ్యూజియం. ఈ సరస్సు చుట్టూ ఉప్పునీటి ఊటలున్నాయి. ఆ నీళ్ళని పెద్ద పెద్ద కాగుల్లో కాచి ఉప్పు తీసేవాళ్ళు. సిరక్యూస్‌ని ఉప్పు ఊరనే పిలిచేవారు. లోపల కాగుల వరసలు, పొయ్యిలు, పీపాలు ఉన్నాయి. కాలువకీ ఉప్పుకీ బంధం రవాణాతో ఆగదు. 1817లో కాలువ నిధి కోసం రాష్ట్రం ఇక్కడి ఉప్పు మీద పన్ను వేసింది, బుషెల్‌కి పన్నెండున్నర సెంట్లు. అంటే కాలువ కొంతవరకు ఉప్పు డబ్బుతో తవ్విందే. ఉప్పు పన్ను అనగానే మనకి దండి గుర్తొస్తుంది. ఇక్కడ ఎవరూ యాత్ర చేయలేదు. పన్ను వేసింది తమ సొంత శాసనసభ, ఖర్చుపెట్టింది తమ సొంత కాలువకి. కానీ ఉప్పు ఊటలు ఎవరివి?

ఆ ప్రశ్నకి జవాబు రెండో మ్యూజియంలో ఉంది. పేరు స్కానో, మహా శాంతి ధర్మ కేంద్రం. స్కానో అంటే ఒనొండాగ భాషలో శాంతి, క్షేమం. అది వాళ్ళ పలకరింపు కూడా. ఒనొండాగ, మోహాక్, ఒనైడా, కయూగా, సెనెకా, తర్వాత చేరిన టస్కరోరా, ఈ ఆరు జాతుల కూటమి హోడెనోషోనీ. ఈరీ కాలువ నడిచిన నేల దాదాపు అంతా వాళ్ళదే. ఈ భవనంలో ఒకప్పుడు 17వ శతాబ్దపు ఫ్రెంచి మతప్రచారకుల గురించిన మ్యూజియం ఉండేది. 2015లో దాన్ని ఒనొండాగల వైపు నుంచి చెప్పే కేంద్రంగా మార్చారు. అదే గోడలు, కథ చెప్పే గొంతు మారింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది. 1788లో ఒక్క ఒప్పందంతో ఒనైడాల చేతిలోంచి దాదాపు 60 లక్షల ఎకరాలు రాష్ట్రానికి పోయాయి, మిగిలింది మూడు లక్షల ఎకరాలు. అదే ఏడాది ఒనొండాగలూ తమ భూమిలో అత్యధిక భాగం పోగొట్టుకున్నారు. 1797లో సెనెకాలు పడమటి న్యూయార్క్‌లో దాదాపు అంతా లక్ష డాలర్లకి వదులుకోవాల్సి వచ్చింది. ఇరవయ్యేళ్ళ తర్వాత కాలువ తవ్వకం మొదలైంది. కాలువ రావడానికి ముందే దారి ఖాళీ చేశారన్నమాట. కాలువ వచ్చాక ఆ ఖాళీలోకి జనం పడవల్లో దిగారు. మిగిలిన కాసిని ఊళ్ళ మీదా ఒత్తిడి పెరిగింది. 1838 బఫెలో క్రీక్ ఒప్పందం వాళ్ళని ఏకంగా మిసిసిపీ అవతలికి పంపాలని చూసింది. అందరూ వెళ్ళలేదు. ఒనొండాగలు ఇప్పటికీ సిరక్యూస్‌కి దక్షిణాన తమ కొద్దిపాటి నేల మీదే ఉన్నారు, తమ పాలన తామే చేసుకుంటూ.

ఒనొండాగలకి భూమికి బదులు ఇస్తామన్న వాటిలో ఏటా కొంత ఉప్పు కూడా ఉంది. వాళ్ళ ఊటల ఉప్పే. ఒకే సరస్సు ఉప్పు ఒక లెక్కలో కాలువకి పన్నుగా, ఇంకో లెక్కలో నేలకి వెలగా జమ అయింది. తూకం ఇంట్లో చూసిన త్రాసు నాకు ఇక్కడ మళ్ళీ గుర్తొచ్చింది. ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే సరుకు అని కదా లెక్క. న్యూయార్క్ రాష్ట్రం ఈ నేలని మొదట ఖాళీ అని రాసుకుంది. ఆ తర్వాత వేసిన లాభనష్టాలన్నీ ఆ మొదటి ఎంట్రీ మీదే ఆధారపడ్డాయి.

1794లో హోడెనోషోనీతో అమెరికా ప్రభుత్వం చేసుకున్న ఇంకో ఒప్పందం కెనండైగ్వాలో జరిగింది. హాలీ ఖైదులో కూర్చుని కాలువ కల కన్నది ఆ ఊళ్ళోనే, పదమూడేళ్ళ తర్వాత. ఆ ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన బట్టని ప్రభుత్వం ఇప్పటికీ ఏటా పంపుతుంది. అంగీకరించిన భూమి హక్కులు మాత్రం అలా పంపలేదు. 2005లో ఒనొండాగలు వేసిన భూమి కేసుని ఫెడరల్ కోర్టు 2010లో కొట్టేసింది. చాలా కాలం గడిచిపోయింది, ఇప్పుడు కదిపితే ఎంతోమందికి ఇబ్బంది అన్నది కోర్టు తర్కం.

నీళ్ళతో పాటు పారినవి

కాలువ మీద సరుకుతో పాటు పత్రికలు, ప్రసంగాలు, తిరుగుబాట్లు కూడా ప్రయాణించాయి. సిరక్యూస్ క్లింటన్ స్క్వేర్‌లో 1851 అక్టోబర్ 1న, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి పట్టుబడిన విలియం హెన్రీని జనం తలుపులు బద్దలుకొట్టి విడిపించారు. దాని స్మారకం అక్కడే ఉంది. కాలువకి ఒక శాఖ పోయే సెనెకా ఫాల్స్‌లో 1848లో స్త్రీల హక్కుల మొదటి మహాసభ జరిగింది, ఆ చాపెల్ ఇప్పుడు నేషనల్ పార్క్.

చిటెనాంగో, దాని పక్క ఊరు ఫేయెట్‌విల్ ఈ కథకి రెండు కొసల్ని చూపిస్తాయి. ఫేయెట్‌విల్‌లో మటిల్డా జోస్లిన్ గేజ్ ఇల్లు మ్యూజియంగా ఉంది. ఆవిడ స్త్రీల హక్కుల కోసం రాస్తూ, హోడెనోషోనీ స్త్రీలకి ఉన్న అధికారాన్ని ఉదాహరణగా చూపించింది. మోహాక్‌లు ఆవిడని తమ తోడేలు గణంలోకి తీసుకున్నారు. ఆవిడ అల్లుడు చిటెనాంగోలో పుట్టిన ఫ్రాంక్ బామ్, 'ఓజ్ మాంత్రికుడు' రాసిన రచయిత. ఆయన గుర్తుగా ఆ ఊళ్ళో నడకదారుల్ని పచ్చ ఇటుకలతో పరిచారు, పిల్లలు వాటి మీద గెంతుతుంటారు. అదే బామ్ 1890-91లో తను నడిపిన పత్రికలో, ఆదివాసుల్ని పూర్తిగా నిర్మూలించాలని సంపాదకీయాలు రాశాడు. అత్తగారూ అల్లుడూ ఒకే ఇంటి మనుషులు. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం కారులో దాదాపు పావుగంట.

మన గట్ల మీద

2025కి కాలువకి 200 ఏళ్ళు నిండాయి. 1825లో క్లింటన్ ఈరీ సరస్సు నీళ్ళని పీపాల్లో తెచ్చి న్యూయార్క్ రేవులో సముద్రంలో పోశాడు. 'నీళ్ళ పెళ్ళి' అన్నారు దాన్ని. ఆ పడవ నమూనా ఒకటి బఫెలోలో కట్టి, 2025లో మళ్ళీ అదే దారిన నడిపారు. ఈసారి పెళ్ళి అనలేదు, 'నీళ్ళ కలయిక' అన్నారు. దారిపొడవునా హోడెనోషోనీకి శాంతి చిహ్నమైన తెల్ల పైన్ మొక్కలు నాటారు. మొక్కలు నాటితే భూమి తిరిగి రాదు. కానీ వందేళ్ళ క్రితం జరిపిన ఉత్సవంలో ఈ ఆలోచనే ఉండుండదు. మ్యూజియాలు గొంతులు మార్చుకోగలవని ఇక్కడ చూశాను.

ధవళేశ్వరంలో మనకీ ఒక మ్యూజియం ఉంది, కాటన్ పేరు మీద. ఆనకట్ట నమూనాలు, ఫొటోలు, బయట పాత యంత్రాలు. కాటన్‌కి ఇవ్వాల్సిన గౌరవంలో నాకు తేడా లేదు. ఆయన పక్కన పనిచేసి, కూలీల్ని కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న పేరు డెల్టా బయట ఎంతమందికి తెలుసు? మట్టి మోసిన వేలమంది పేర్లు ఎటూ లేవు. గట్టు మీద నడుస్తూ తాడు భుజానేసుకుని పడవలు లాగిన మనుషులు (ఇక్కడ ఆ పని కంచరగాడిదలు చేసేవి), లాకు దగ్గర టీకొట్లు, పెళ్ళిళ్ళకి పడవల మీద వెళ్ళిన జనం, రాత్రిపూట గండి పడకుండా గట్టు కాసిన లస్కర్లు, వీటికి చోటెక్కడ?

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా మన కాలువల్ని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ పని జరిగితే పాత లాకులు కొన్ని పోతాయి, కొన్ని మారతాయి. జరగకపోతే గుర్రపుడెక్క కింద అవే కూలిపోతాయి. రెండు దారుల్లోనూ పోయేది లాకు ఒక్కటే కాదు. దాన్ని తిప్పినవాళ్ళ దగ్గరున్న మాటలు, కొలతలు, వరదల జ్ఞాపకాలు కూడా పోతాయి. లాక్‌పోర్ట్ కంచు బొమ్మల వెనక ఉన్నది ఒక ఫొటో, ఆ మనుషుల పేర్లు వెతికి రాసుకున్న కొందరు స్థానికులు. మనకి ఆ అవకాశం ఇంకా చేతిలోనే ఉంది. డెల్టా కాలువల మీద పడవలు నడిచిన రోజులు చూసిన లస్కర్లు, పడవ సరంగులు ఇంకా కొందరు బతికే ఉన్నారు. ఈ వేసవికి ఊరెళ్ళేవాళ్ళు ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి వాళ్ళ పక్కన ఒక గంట కూర్చుంటే చాలు. మొదటి మ్యూజియం అక్కణ్ణుంచే మొదలవుతుంది.